తలుపు వేశాక నర్సు ఎక్కడ ఉండాలి?

మానసిక వైద్య వార్డుల్లో రోగిని ఒంటరి గదిలో ఉంచి తాళం వేయడం గురించి ఈ శీర్షికలో ఒకసారి నాలుగు వాక్యాలు రాశాను. ఆ నాలుగు వాక్యాలకు వచ్చినన్ని ఉత్తరాలు మరే జవాబుకూ రాలేదు. నర్సులు రాశారు, రోగుల ఇంటివాళ్లు రాశారు, ఆ గదిలో గడిపి బయటికి వచ్చినవారూ రాశారు. వాటిలో ఆరింటికి ఈసారి వివరంగా జవాబు చెబుతున్నాను. పాఠ్యపుస్తకాల్లో దీన్ని 'సెక్లూజన్' అంటారు, వార్డులో అందరం 'రూములో పెట్టడం' అంటాం. ఇక్కడ మాత్రం 'ఏకాంత నిర్బంధం' అని రాస్తున్నాను, ఎందుకంటే జరిగేది నిర్బంధమేనన్న సంగతి ఆ మాటలో దాగకుండా ఉంటుంది.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను స్టాఫ్ నర్సుగా చేరి ఐదు నెలలైంది. ఒక రాత్రి డ్యూటీలో ఇరవై ఏళ్లు దాటిన అబ్బాయి ఒకరు పక్క మంచం రోగిని కొట్టడంతో, డాక్టరు గారి ఆర్డరు మీద ఐదుగురం కలిసి అతన్ని గదిలోకి తీసుకెళ్లి తాళం వేశాం. నన్ను కిటికీ దగ్గర కూర్చోమన్నారు. అతను అద్దానికి ముఖం ఆనించి "సిస్టర్, నేనేం చేశాను? ఎప్పుడు తీస్తారు?" అని గంటసేపు అడుగుతూనే ఉన్నాడు. మాట్లాడితే ఇంకా రెచ్చిపోతాడని సీనియర్లు అనడంతో నేను తల వంచుకుని కేస్ షీటు రాసుకుంటూ కూర్చున్నాను. ఆ రాత్రి మేము చేసింది చికిత్సా, శిక్షా?

జవాబు: అతని ప్రశ్న ఇంకా మిమ్మల్ని వదలలేదంటే మీరు ఈ పనికి తగిన మనిషేనని ముందుగా చెప్పాలి. ఇక అడిగినదానికి సూటిగా చెబుతాను. ఏకాంత నిర్బంధం చికిత్స కాదు. తీవ్రమైన మానసిక వ్యాధులున్నవారికి నిర్బంధం వల్ల గానీ కట్టివేయడం వల్ల గానీ మేలు జరుగుతుందా అని తేల్చే అధ్యయనాల కోసం సెయిలస్, ఫెంటన్ అనే ఇద్దరు పరిశోధకులు వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష కోసం వెదికి 2000లో తమ నివేదిక ప్రచురించినప్పుడు, రోగులను యాదృచ్ఛికంగా రెండు జట్లుగా విడదీసి పోల్చిన అధ్యయనం వాళ్లకు ఒక్కటి కూడా దొరకలేదు. ఒక మందుకు ఇంత పలచని ఆధారం ఉంటే ఏ డాక్టరూ దాన్ని రాయరు, ఏ నర్సూ ఎక్కించదు. అయినా తరతరాలుగా ఈ తలుపులు వేస్తూనే ఉన్నాం. రోగిని ఒక హద్దులో ఉంచడం, అతన్ని రెచ్చగొట్టే మనుషులకు దూరం చేయడం, చుట్టూ ఉన్న చప్పుడూ వెలుతురూ తగ్గించడం అనే మూడు ప్రయోజనాలను వైద్య సాహిత్యంలో దీనికి సమర్థనగా చెబుతూ వచ్చారు. జాగ్రత్తగా చూస్తే ఆ మూడింటిలో దేనికీ తాళం అవసరం లేదు. నిశ్శబ్దంగా ఉన్న గది, పక్కన ఒక మనిషి ఉంటే చాలా సందర్భాల్లో ఆ మూడూ దొరుకుతాయి.

అలాగని మీరు ఆ రాత్రి చేసింది తప్పని నేను అనడం లేదు (చట్టం ఏమంటుందో ఐదో ఉత్తరం దగ్గర చెబుతాను). ఒకరు మరొకరిని కొడుతున్నారు, మాటతో ఆగలేదు, మందుతో వెంటనే ఆగే పరిస్థితి లేదు, దెబ్బ తినేవాడు కూడా మీ రోగే. అలాంటి క్షణంలో తలుపు వేయడం ప్రాణరక్షణ కోసం తీసుకునే అత్యవసర చర్య. అది శిక్షగా మారేది ఆ తర్వాతే. ప్రమాదం తగ్గాక కూడా తలుపు మూసి ఉంచితే శిక్ష. 'ఇలా చేస్తే రూములో పెట్టిస్తాను' అని బెదిరిస్తే శిక్ష. క్షమాపణ చెప్పేవరకూ తలుపు తీయబోమని అంటే శిక్ష. అడిగినదానికి జవాబు చెప్పకుండా తల వంచుకుని కూర్చుంటే, మీ ఉద్దేశం ఏదైనా, లోపల ఉన్న మనిషికి అది శిక్షగానే తగులుతుంది.

మాట్లాడితే రెచ్చిపోతారన్నది నేను కూడా చేరిన కొత్తలో విన్న మాటే. వాదనకు దిగితే రెచ్చిపోవచ్చు, నిజమే. అడిగిన ప్రశ్నకు నెమ్మదిగా, చిన్న వాక్యాల్లో సమాధానం చెబితే రెచ్చిపోవడం నేను బహు అరుదుగా చూశాను. ఆ అబ్బాయి అడిగినవి రెండే ప్రశ్నలు, రెండింటికీ సమాధానం ఉంది. "మీరు పక్కాయన్ని కొట్టారు, ఆయనకు దెబ్బ తగిలింది, మళ్లీ జరగకుండా ఇక్కడ ఉంచాం. మీరు అరవకుండా, తలుపు గుద్దకుండా నాతో కొద్దిసేపు మాట్లాడగలిగితే డాక్టరు గారిని పిలుస్తాను, వచ్చి చూస్తారు. నేను ఇక్కడే ఉంటాను, ఎక్కడికీ వెళ్లను." ఇంతే. ఎప్పుడు తీస్తారో, ఏం చేస్తే తీస్తారో తెలియకపోవడమే ఆ గదిలో అన్నిటికంటే పెద్ద బాధ అని లోపల ఉండి వచ్చినవారు నాతో పదే పదే చెప్పారు.

ఒక సంగతి చెబుతాను. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన చోట ఒకాయన గది లోపలి నుంచి అయిదు నిమిషాలకోసారి టైము అడిగేవారు. మేము విసుక్కుని "ఇందాకే చెప్పాం కదా" అనేవాళ్లం. ఆయన గొంతు పెరిగేది, గొంతు పెరిగిందని మేము రికార్డులో 'ఇంకా ఉద్రేకంగా ఉన్నారు' అని రాసేవాళ్లం. చివరికి ఒక ఆయమ్మ నర్సింగ్ స్టేషన్ గోడ మీది గడియారం తీసుకొచ్చి, ఆయనకు కనిపించేలా కిటికీ ఎదురుగా కుర్చీ మీద నిలబెట్టింది. అరగంటలో ఆయన పరుపు మీద కూర్చున్నారు, మరో అరగంటకు తలుపు తీశాం. లోపలి మనిషికి గడియారం కనిపించాలన్నది ఇప్పుడు కొన్ని మంచి ప్రమాణాల్లో ఉంది. ఆ రోజు దాన్ని మాకు నేర్పింది ఏ పుస్తకమూ కాదు.

ఇక శరీరం సంగతి. కిటికీ దగ్గర కూర్చున్న నర్సు చూడాల్సింది రోగి గొడవ చేస్తున్నారా లేదా అన్నది మాత్రమే కాదు. నిజానికి గొడవ ఆగినప్పుడే ఎక్కువ జాగ్రత్తగా చూడాలి. గదిలోకి పంపే ముందు నిద్రమత్తు ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే, లోపల నిశ్శబ్దంగా పడుకున్న మనిషి నిద్రపోతున్నారో, ఊపిరి మందగిస్తోందో అద్దంలోంచి చూస్తే తెలియదు. ఛాతీ కదలిక లెక్కపెట్టాలి, పిలిస్తే పలుకుతున్నారో చూడాలి, అనుమానం వస్తే మరో ఇద్దరిని తోడు తీసుకుని లోపలికి వెళ్లి నాడి, బీపీ, ఆక్సిజన్ శాతం చూడాలి. బోర్లా పడుకుని ఉంటే ఇంకా జాగ్రత్త. ఒళ్లు కర్రలా బిగుసుకుని జ్వరం వస్తుంటే అది మందు వల్ల వచ్చే ప్రమాదకరమైన పరిస్థితి కావచ్చు, ఆలస్యం చేయకూడదు. నీళ్లు తాగారా, మూత్రానికి వెళ్లారా అన్నవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి, కానీ గంటలు గడిచేకొద్దీ అవే పెద్దవవుతాయి. పదిహేను నిమిషాలకోసారి రాసే కాలమ్‌లో 'ప్రశాంతంగా ఉన్నారు' అని వరసగా ఎనిమిది సార్లు రాసి ఉంటే నాకు రెండు అనుమానాలు వస్తాయి. అంత ప్రశాంతంగా ఉంటే తలుపు ఎందుకు తీయలేదు? లేక ఎవరూ చూడకుండానే గళ్లు నింపారా?

ప్రశ్న: అక్కా, మా తమ్ముడికి బైపోలార్ జబ్బు. గతసారి ఆసుపత్రిలో చేర్చినప్పుడు ఆరు గంటలు ఒంటరి గదిలో ఉంచారట. మాకు మర్నాడు తెలిసింది. ఇప్పుడు మళ్లీ నిద్ర తగ్గింది, మాట వేగం పెరిగింది, కానీ ఆసుపత్రి పేరెత్తితే వణికిపోతున్నాడు. అక్కడి నర్సులను అడిగే హక్కు మాకుందా? వాణ్ణి ఎలా ఒప్పించాలి?

జవాబు: ఉందమ్మా, అడగండి. నిలదీసినట్టు కాకుండా తెలుసుకోవడానికి అడుగుతున్నట్టు అడగండి, కానీ తప్పకుండా అడగండి. ఆ రోజు ఏం జరిగింది, దానికి ముందు ఏమేమి ప్రయత్నించారు, ఎవరు అనుమతించారు, డాక్టరు వచ్చి ఎన్నిసార్లు చూశారు, బయటికి తెచ్చాక వాడితో కూర్చుని ఎవరైనా మాట్లాడారా అన్న అయిదు ప్రశ్నలకు కేస్ షీటులో సమాధానాలు ఉండాలి. చివరి ప్రశ్నకే చాలా చోట్ల జవాబు దొరకదు. నిర్బంధం ముగిశాక ఒకటి రెండు రోజుల్లో రోగితో తీరుబడిగా కూర్చుని, మీకు ఏమనిపించింది, మేము ఏం చేసి ఉంటే అంతవరకూ రాకపోయేది అని అడగడం ఈ పనిలో భాగం. అది దయాదాక్షిణ్యం కాదు.

మీ తమ్ముడి వణుకును మొండితనంగా చూడకండి. నిర్బంధానికి గానీ కట్టివేతకు గానీ గురైనవారిలో నాలుగో వంతు నుంచి దాదాపు సగం మంది వరకూ ఆ తర్వాత ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మత (భయంకరమైన అనుభవం మిగిల్చే మానసిక గాయం, పీటీఎస్‌డీ) లక్షణాలతో బాధపడినట్టు అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి. పీడకలలు, తలుపు గడియ చప్పుడుకే ఉలిక్కిపడటం, ఆ భవనం వైపు వెళ్లలేకపోవడం అందులో భాగమే. చిన్నతనంలో హింసకు గురైనవారికి ఆ గది పాత గాయాన్ని కొత్తగా తెరుస్తుంది. కాబట్టి "ఈసారి అలా జరగదులే" అని ఉత్తుత్తి మాట ఇవ్వకండి, ఆ మాట నిలబెట్టడం మీ చేతుల్లో లేదు. "నీకు అది ఎంత భయంగా ఉందో నేను వాళ్లకు ముందే చెబుతాను, నువ్వు చెప్పమన్నది చెబుతాను" అనండి, చెప్పండి. నిద్ర తగ్గిన మొదటి వారంలోనే అవుట్ పేషెంటుగా చూపిస్తే చేర్చవలసిన అవసరమే రాకపోవచ్చు. ఆలస్యం అయ్యేకొద్దీ బలవంతం పాలు పెరుగుతుంది.

ప్రశ్న: నేను బీఎస్సీ నర్సింగ్ విద్యార్థినిని. టైమ్ అవుట్, సెక్లూజన్, రిస్ట్రెయింట్ మధ్య తేడా ఏమిటి? కట్టివేయడం కంటే గదిలో ఉంచడం మేలని ఒక మేడమ్, కాదని మరొకరు చెప్పారు.

జవాబు: రోగి తనంతట తాను, లేదా మన సూచనకు ఒప్పుకుని, ఎప్పుడైనా బయటికి రాగలిగే చోట కాసేపు విడిగా ఉండటం టైమ్ అవుట్. అక్కడి నుంచి రాకుండా మనం ఆపిన క్షణంలోనే అది ఏకాంత నిర్బంధం అవుతుంది, తాళం వేసినా, తలుపు దగ్గర ఒక మనిషిని అడ్డంగా నిలబెట్టినా. ఈ రెండో సంగతి పరీక్షలో రాయండి, వార్డులో ఇంకా బాగా గుర్తుంచుకోండి. తలుపు తీసే ఉంది కాబట్టి ఇది నిర్బంధం కాదు, రికార్డు అక్కర్లేదు అని అనుకునేవారున్నారు. చేతులతో గానీ పట్టీలతో గానీ శరీరాన్ని కదలకుండా చేయడం రిస్ట్రెయింట్.

ఏది మేలన్న ప్రశ్నకు చరిత్రలో ఒక విచిత్రం ఉంది. ఇంగ్లండులో లింకన్ మానసిక చికిత్సాలయంలో రాబర్ట్ గార్డినర్ హిల్, 1839 నుంచి హాన్‌వెల్ చికిత్సాలయంలో జాన్ కానలీ అనే వైద్యులు గొలుసులూ పట్టీలూ పూర్తిగా తీసేసి చూపించారు. అది గొప్ప పని, సందేహం లేదు. కానీ తీసేసిన పట్టీల స్థానంలోకి వచ్చినవాటిలో ఈ ఏకాంత గది కూడా ఒకటి, కానలీ దాన్ని సమర్థించారు కూడా. కట్టివేతకు ప్రత్యామ్నాయంగా వచ్చినది కాబట్టి ఇది మానవీయమైనదన్న పేరు దానికి అప్పటి నుంచే అంటుకుంది. మన కాలంలో బ్రెజిల్‌లోని రియో డి జెనీరోలో 105 మంది రోగులతో చేసి 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, అదుపు తప్పిన రోగుల్లో కొందరిని యాదృచ్ఛికంగా గదికి, కొందరిని కట్టివేతకు కేటాయించారు. గదికి వెళ్లినవారిలో మూడింట రెండు వంతుల మందికి కట్టివేసే అవసరమే రాలేదు. దీన్ని బట్టి రెండింటిలో ఒకటి తప్పనిసరి అయినప్పుడు, ముందుగా తక్కువ బంధించేదాన్ని ప్రయత్నించవచ్చని తెలుస్తుంది. అంతవరకే. ఒకే మనిషికి ఒకటి భరించగలిగేదిగా, మరొకటి భరించలేనిదిగా ఉంటుంది. సొంతంగా తనకు తాను హాని చేసుకునే రోగిని మాత్రం ఒంటరిగా గదిలో వదలకూడదు. ఆ మనిషికి కావలసింది పక్కన ఒక మనిషి.

ప్రశ్న: నేను పన్నెండేళ్లుగా వార్డు ఇన్‌చార్జిని. ముప్పై మంది రోగులకు రాత్రి ఇద్దరం నర్సులం. రెండుసార్లు నాకు దెబ్బలు తగిలాయి, ఒకసారి మణికట్టు విరిగింది. ఏకాంత గది ఉండకూడదని రాసేవాళ్లు ఒక్క రాత్రి మా డ్యూటీ చేసి చూడాలి. కోపంగా రాస్తున్నందుకు క్షమించండి.

జవాబు: క్షమాపణ ఎందుకు? విరిగిన మణికట్టు మీది. నర్సుకు దెబ్బ తగలడం ఉద్యోగంలో భాగమని ఎవరన్నా నేను ఒప్పుకోను. ఇద్దరితో ముప్పై మందిని చూడమన్న పాలనా విభాగమే మీ చేత ఆ తలుపు వేయిస్తోందన్నది నా అభిప్రాయం. సిబ్బంది కొరత వల్ల నిర్బంధం వాడకూడదని చాలా నిబంధనలు రాతపూర్వకంగా చెబుతున్నాయి. దాని భారం మాత్రం రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు మీద పడుతుంది. కాబట్టి నిర్బంధం జరిగిన ప్రతిసారీ ఆ షిఫ్టులో ఎంతమంది ఉన్నారో రికార్డులో రాయండి. నెల తిరిగేసరికి ఆ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది.

అయితే గది లేకపోతే దెబ్బలు పెరుగుతాయన్న మాటను కాస్త ఆగి చూద్దాం. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో తొమ్మిది ప్రభుత్వ మానసిక వైద్యశాలల లెక్కలను 1990 నుంచి 2000 వరకూ పరిశీలించారు. ప్రతి వెయ్యి రోగి దినాలకు (ఒక రోగి ఒక రోజు ఉంటే ఒక రోగి దినం) నిర్బంధ ఘటనలు 4.2 నుంచి 0.3కు తగ్గాయి. ఒక్కో నిర్బంధం సగటున 10.8 గంటలు సాగేది కాస్తా 1.3 గంటలకు దిగింది. ఆ కాలం చివరి సంవత్సరాల్లో చూసినప్పుడు సిబ్బందికి తగిలిన దెబ్బలు చెప్పుకోదగినంతగా పెరగలేదు. ఇది ఒక్క ఆర్డరుతో జరగలేదు. పై అధికారులు ప్రతి ఘటననూ స్వయంగా సమీక్షించారు, వార్డులో మనుషులను పెంచారు, అత్యవసర సమయంలో పరుగెత్తుకొచ్చే శిక్షణ పొందిన జట్లను ఏర్పాటు చేశారు, జరిగిన వెంటనే రోగితో, సిబ్బందితో విడివిడిగా మాట్లాడే పద్ధతి పెట్టారు. అంటే మీరు కోరుతున్నవే వాళ్లు ముందు ఇచ్చారు, ఆ తర్వాతే తలుపులు తెరుచుకున్నాయి.

అంత డబ్బు లేనిచోట ఏం చేయాలి? లెన్ బోవర్స్ బృందం ఇంగ్లండులో 'సేఫ్‌వార్డ్స్' పేరుతో పది చిన్న పద్ధతులను 15 ఆసుపత్రుల్లోని 31 వార్డుల్లో పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించింది. వాటిని అమలు చేసిన వార్డుల్లో గొడవలు 15 శాతం, నిర్బంధం వంటి చర్యలు 26.4 శాతం తగ్గాయి. ఆ పదింటిలో ఖరీదైనది ఏదీ లేదు. చెడ్డ కబురు రాబోతోందని తెలిస్తే (సెలవు రాలేదు, చూడటానికి వస్తామన్నవాళ్లు రావడం లేదు) దాన్ని ఫోను పెట్టేసిన వెంటనే తలుపు దగ్గర నిలబడి చెప్పకుండా, పక్కన కూర్చోబెట్టి చెప్పి కాసేపు ఉండటం ఒకటి. షిఫ్టు మారేటప్పుడు ప్రతి రోగి గురించి ఒక్క మంచి మాటైనా తప్పకుండా చెప్పడం ఒకటి. ఇది విన్నప్పుడు నాకు పిల్లల ఆటలా అనిపించింది. తర్వాత మా హ్యాండోవర్లు గుర్తొచ్చాయి. "పన్నెండో నంబరు, జాగ్రత్త, నిన్న గ్లాసు విసిరాడు" అనే మాటతో షిఫ్టు మొదలయ్యేది, డ్యూటీకి వచ్చిన నర్సు ఆ మంచం వైపు బిగుసుకున్న భుజాలతో వెళ్లేది, ఆ భుజాలను రోగి మనకంటే ముందే చూసేవాడు. ఒక గొడవ జరిగాక మిగతా రోగులందరి దగ్గరికీ వెళ్లి భయపడ్డారా అని అడగడం మూడోది. భయపడ్డ రోగే తర్వాతి గంటలో కొడతాడు.

ముందస్తు గుర్తింపు గురించి కూడా చెప్పాలి. నార్వేలో రూపొందించిన బ్రోసెట్ చెక్‌లిస్టు అనేది ఒకటుంది. అయోమయం, చిరాకు, హడావుడి, నోటితో బెదిరించడం, చేతలతో బెదిరించడం, వస్తువుల మీద దాడి అనే ఆరు లక్షణాల్లో ఏవి కొత్తగా కనిపిస్తున్నాయో షిఫ్టుకోసారి గుర్తు పెడతారు. మొదటి మూడింటి దగ్గర ఒక నర్సు వెళ్లి కూర్చోగలిగితే చివరి మూడింటి వరకూ చాలాసార్లు వెళ్లదు. ఇద్దరే ఉన్న వార్డులో ఆ ఒక్కరిని ఎక్కడి నుంచి తేవాలన్నది మీరు అడగబోయే ప్రశ్న అని నాకు తెలుసు. మందుల ట్రాలీ పది నిమిషాలు ఆలస్యమైనా ఫర్వాలేదని ఇన్‌చార్జిగా మీరు ఒక్క మాట చెబితే మీ జూనియర్ వెళ్లి కూర్చుంటుంది. మీరు చెప్పకపోతే ట్రాలీయే తోస్తుంది.

ఉద్రేకమని మనం రాసేదంతా మనోవ్యాధి తీవ్రతే కాదు. నేను పనిచేసిన ఒక చోట, పాతికేళ్ల అమ్మాయి మూడు రోజులుగా వరండాలో ఆగకుండా అటూ ఇటూ నడుస్తూ, కూర్చోమంటే లేస్తూ, మంచం కోడును తంతూ ఉండేది. రెండుసార్లు గదిలో ఉంచారు, రెండుసార్లూ ఇంజెక్షన్ పెంచారు. ఒక రాత్రి పక్కన నడుస్తూ "కాళ్లలో ఏమైనా అవుతోందా అమ్మా?" అని అడిగాను. ఆగి నా ముఖంలోకి చూసి, "లోపల చీమలు పాకుతున్నాయి, ఆగితే చచ్చిపోతాననిపిస్తోంది. ఎవరూ అడగలేదు" అంది. అది అకతీసియా, మనం ఇచ్చిన ఇంజెక్షనే తెచ్చిన అశాంతి. దానికి మళ్లీ అదే ఇంజెక్షన్ ఇస్తూ పోయాం. డ్యూటీ డాక్టరు మందు తగ్గించి, విరుగుడు ఇచ్చాక రెండో రోజుకు ఆమె మంచం మీద కాళ్లు చాపుకుని జడ వేసుకుంటూ కనిపించింది. షుగర్ పడిపోయినా, జ్వరంతో వచ్చే మతిభ్రమ అయినా, మద్యం మానేశాక వచ్చే వణుకు అయినా, తలకు దెబ్బ తగిలినా, ముసలివారికి మూత్రం ఆగిపోయినా పైకి కనిపించేది ఉద్రేకమే. గదికి తాళం వేయాలనుకునే ముందు గ్లూకోమీటరు తీయండి. ఇలాంటి రోగిని ఒంటరి గదిలో ఉంచితే ప్రాణం మీదికి వస్తుంది.

ప్రశ్న: దీనికి చట్టం ఉందా? ఎన్ని గంటలు ఉంచవచ్చు?

జవాబు: దేశాన్ని బట్టి మారుతుంది. భారతదేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 97వ సెక్షన్ ప్రకారం మానసిక వ్యాధి ఉన్న వ్యక్తిని ఏకాంత నిర్బంధానికి గురిచేయడమే నిషిద్ధం. కాబట్టి ఎన్ని గంటలన్న ప్రశ్నే అక్కడ లేదు. భౌతికంగా అదుపు చేయడం మాత్రం, తక్షణ హానిని ఆపడానికి వేరే మార్గం లేనప్పుడు, చికిత్స చేస్తున్న మనోవైద్యుని అనుమతితో, అవసరమైనంతసేపే చేయవచ్చు. శిక్షగా గానీ, సిబ్బంది తక్కువన్న కారణంతో గానీ చేయకూడదు. వెంటనే కేస్ షీటులో రాయాలి, రోగి నియమించుకున్న ప్రతినిధికి 24 గంటల్లోగా తెలియజేయాలి, నెలవారీ నివేదికలో మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు పంపాలి. పేరు మార్చి గదిలో ఉంచితే సరిపోతుందనుకోవడం పొరపాటు.

ఇంగ్లండులో నిషేధం లేదు, కానీ అక్కడి మానసిక ఆరోగ్య చట్టం అమలుకు ఇచ్చిన 2015 ఆచరణ నియమావళి ప్రకారం శిక్షణ ఉన్న మనిషి ఒకరు ఎప్పుడూ కంటికీ చెవికీ అందే దూరంలో ఉండాలి, 15 నిమిషాలకోసారి రాయాలి, రెండు గంటలకోసారి ఇద్దరు నర్సులు సమీక్షించాలి, తొలి దశలో నాలుగు గంటలకోసారి డాక్టరు చూడాలి. అమెరికా కేంద్ర నిబంధనల్లో ఒక్కో ఆర్డరు పెద్దలకు 4 గంటలు, 9 నుంచి 17 ఏళ్లవారికి 2 గంటలు, అంతకంటే చిన్నవారికి 1 గంటకు మించదు, గంటలోపు రోగిని ఎదురుగా చూసి పరీక్షించాలి. ఇవి గరిష్ఠ పరిమితులు. నాలుగు గంటల ఆర్డరు ఉంది కాబట్టి నాలుగు గంటలూ ఉంచాలని కాదు, నలభై నిమిషాలకు ప్రమాదం తీరితే నలభై నిమిషాలకే తలుపు తీయాలి.

ప్రశ్న: నేను రెండుసార్లు ఆ గదిలో ఉన్నాను. ఇప్పుడు బాగున్నాను, ఉద్యోగం చేసుకుంటున్నాను. మళ్లీ జబ్బు తిరగబెడితే అప్పుడు నా మాట ఎవరూ వినరు. ఇప్పుడే ఏమైనా చేసుకోగలనా?

జవాబు: చేసుకోగలరు, బాగున్నప్పుడే చేసుకోవాలి. జబ్బు పెరిగినప్పుడు తనకు ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో ముందుగా రాసి పెట్టే పత్రాన్ని భారతదేశంతో సహా కొన్ని దేశాల చట్టాలు గుర్తిస్తున్నాయి. మీ డాక్టరు గారిని అడిగి దాన్ని పద్ధతి ప్రకారం రాయించండి, మీ తరఫున మాట్లాడే మనిషి పేరు అందులో చేర్చండి.

దానితోపాటు నర్సుల కోసం ఒక పేజీ విడిగా రాయండి. చట్టపరమైన భాష అక్కర్లేదు. మీకు కోపం రాబోయే ముందు బయటికి ఏం కనిపిస్తుందో రాయండి: గోళ్లు కొరుకుతారా, మాట ఆగిపోతుందా, చొక్కా విప్పేస్తారా. ఏ మాట అంటే మండిపోతుందో, ఎవరి గొంతు వింటే తగ్గుతుందో రాయండి. వెనక నుంచి ఎవరైనా ముట్టుకుంటే భరించలేకపోతే అది పెద్ద అక్షరాలతో రాయండి. మందు తప్పనిసరైతే మాత్రగా ఇస్తే వేసుకుంటారో, ఏ ఇంజెక్షన్ పడదో రాయండి. ఒంటరి గది, కదలకుండా చేతులతో పట్టుకోవడం అనే రెండు దారులే మిగిలితే మీకు ఏది తక్కువ బాధో కూడా రాయండి, రాయడానికి కష్టంగా ఉన్నా సరే. ఒక ప్రతి కేస్ షీటు మొదటి పేజీలో పెట్టమని అడగండి, ఒకటి ఇంట్లో, ఒకటి మీ పర్సులో ఉంచుకోండి.

మొదటి ఉత్తరం రాసిన అమ్మాయి కిటికీ దగ్గర కూర్చున్న రాత్రి ఆమె చేతిలో అలాంటి కాగితం ఒకటి ఉండి ఉంటే, అద్దం అవతలి అబ్బాయికి చెప్పడానికి ఆమెకు మాటలు దొరికేవి.